సందేశం లేకుంటే సినిమా తీయకూడదా?

సంపాదకులకు నమస్కారం.

నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుడిని. మా తొమ్మిదో తరగతి పిల్లలు తమ బడి గురించి పదిహేను నిమిషాల లఘుచిత్రం తీయడానికి సంక్రాంతి సెలవుల నుంచి కథ రాసుకుంటున్నారు. రెండో శనివారాల్లో బడి ఆవరణలోనే చిత్రీకరణకు అనుమతి కోరితే, పై కార్యాలయం వారు 'ఇందులో సందేశమేమిటి?' అని అడిగారు. పరిశుభ్రతో, రోడ్డు భద్రతో అయితే వెంటనే సంతకం చేస్తామన్నారు.

పిల్లలు మొదట రాసింది కూడా మనం తెరమీద చూసి చూసి విసిగిన బడినే: సోడాబుడ్డి కళ్లద్దాల ఫస్టు ర్యాంకరు, ఆఖరి బెంచీ ఆకతాయిలు, పంచెకట్టుతో నవ్వులపాలయ్యే తెలుగు మాస్టారు. (నా ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్కనాడూ పంచెతో బడికి వెళ్లి ఎరుగను.) లాంగ్ నోటుబుక్కులోని ఆ పేజీని అడ్డంగా కొట్టేసింది ఒక అమ్మాయి. తమ తరగతిలో ఆఖరి బెంచీ కుర్రవాడు పొడుగు కాబట్టే అక్కడ కూర్చుంటున్నాడని, లెక్కల్లో అతడికే ఎక్కువ మార్కులని, మొదటి బెంచీలో కునికిపాట్లు పడేది తెల్లవారుజామునే లేచి పూలు కట్టి వచ్చే తానేనని చెప్పింది. ఇప్పుడు కథ వాళ్లిద్దరిది. ఏడాది తిరిగేసరికి మారిపోయే అతడి గొంతు, ఈడొచ్చింది కనుక ఇక చదువు చాలంటారేమోనన్న ఆమె బెంగ, ఇద్దరి స్నేహం అందులో ఉన్నాయి. ఎదగడమంటే ప్రేమలో పడటమేనన్న లెక్క మాత్రం లేదు.

ఇలాంటి చిత్రాలకు మన దగ్గర ఒకప్పుడు వేదిక ఉండేది. 1955లో ఏర్పడిన బాలల చలనచిత్ర సంస్థ హైదరాబాదులో నిర్వహించిన అంతర్జాతీయ బాలల చిత్రోత్సవంలో, పిల్లలు స్వయంగా తీసిన చిత్రాలకు 'లిటిల్ డైరెక్టర్స్' పేరిట ప్రత్యేక విభాగం ఉండేది. 2017 నవంబరులో ఇరవయ్యో ఉత్సవం జరిగింది. 2022లో ఆ సంస్థ జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో విలీనమైంది. ఇప్పుడు బడులకు చేరే పోటీ ప్రకటనల్లో నాకు కనిపించేవి ముందే ఖరారు చేసిన నినాదాలు.

విద్యాశాఖ తన లఘుచిత్ర పోటీల్లో పిల్లలు సొంతంగా ఎంచుకున్న కథలకు ఒక విభాగం కేటాయించాలని, తల్లిదండ్రులు రాతపూర్వకంగా అంగీకరించినప్పుడు సెలవురోజు చిత్రీకరణకు అనుమతించే అధికారాన్ని ప్రధానోపాధ్యాయులకే వదిలిపెట్టాలని కోరుతున్నాను. జూన్‌లో ఈ పిల్లలు పదో తరగతికి వస్తారు, స్టడీ అవర్లు మొదలయ్యాక వారికి ఊపిరి సలపదు. పైగా మా కథానాయకుడి గొంతు ఇప్పటికే బొంగురుపోతోంది, మొదటి సన్నివేశం ఇంకా తీయనే లేదు.

– ఒక తెలుగు ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్ జిల్లా