ఈచ్ వే పెడితే సేఫ్ అనే మాట నమ్మకండి, ముందు స్థానాల లెక్క చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే మా ధర్మాబాద్‌లో మిర్చి ధరల ముచ్చట పక్కనే ఇంకో ముచ్చట కూడా నడుస్తుంది. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ దగ్గర ఏంట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్ గుర్రప్పందెం గురించి. మాది నాందేడ్ జిల్లా అయినా ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదివేది మీ పేపరే. పక్కనున్న బాసర, గోదావరి అవతల నిజామాబాద్ ఎట్లాగో మా దగ్గరా అట్లాగే చదువుకని, ఉద్యోగాలకని ఆ దేశం పోయిన పిల్లలు ఉన్నారు, అక్కడ పద్దెనిమిదేళ్లు దాటితే పందెం కాయడం చట్టబద్ధం కాబట్టి ఆ వారం అంతా వాళ్ల నుంచి మెసేజులే. మీరేమో ఏటా గెలిచిన గుర్రం పేరు, జాకీ ఫొటో వేసి ఊరుకుంటారు. కానీ పిల్లల పైసలు పోయేది గెలిచే గుర్రం దగ్గర కాదు, ఈచ్ వే దగ్గర. అందుకే ఈ ఉత్తరం.

"ఈచ్ వే పెట్టు, సేఫ్" అని ఒకరు చెప్తే పది మంది పెడతారు. అది ఒక పందెం కాదు, రెండు పందేలు. వంద ఈచ్ వే అంటే గెలుపు మీద వంద, స్థానం మీద, అంటే గుర్రం మొదటి కొన్ని స్థానాల్లో ఒకదాంట్లో రావడం మీద ఇంకో వంద, మొత్తం రెండు వందలు. ఫోన్‌లో ఆ చిన్న గడిలో టిక్ పెట్టగానే కింద పది పౌండ్లు కాస్తా ఇరవై అవుతుంది, చాలామంది ఆ అంకె చూడకుండానే కన్ఫర్మ్ నొక్కేస్తారు. గుర్రం గెలిస్తే రెండు పందేలకూ డబ్బు వస్తుంది. గెలవకుండా స్థానాల్లో వస్తే గెలుపు వంద పోతుంది, స్థానం వందకు మాత్రం ధరలో, అంటే గెలిస్తే ఇంత లాభం ఇస్తామని చెప్పిన లెక్కలో, పావు వంతు ఇస్తారు. పదహారు, అంతకన్నా ఎక్కువ గుర్రాలున్న హ్యాండికాప్ (గుర్రాన్ని బట్టి బరువు పెట్టే) పందెంలో అక్కడి మామూలు పద్ధతి ఇదే, మొదటి నాలుగు స్థానాలు, పావు వంతు.

ఇప్పుడు ధర 4/1 ఉన్న గుర్రం తీసుకోండి, అంటే వందకు నాలుగు వందల లాభం. అందులో పావు వంతు అంటే వందకు వంద. అది రెండో స్థానంలో వచ్చినా పెట్టిన వంద వాపసుతో కలిపి చేతికి వచ్చేది రెండు వందలు, పెట్టింది రెండు వందలు. అంత కష్టపడి పైసా మిగలదు. 4/1 కన్నా తక్కువ ధర ఉంటే గుర్రం రెండో స్థానంలో వచ్చినా మీరు నష్టపోతారు. మరి సేఫ్ ఎక్కడ ఉంది?

2025 పందెమే చూడండి. ఫేవరిట్, అంటే అన్నిటికన్నా తక్కువ ధర ఉన్న గుర్రం ఐరోకో. దాని ధర 13/2, అంటే వందకు 650 లాభం, వచ్చింది నాలుగో స్థానం. దాని మీద వంద ఈచ్ వే పెట్టినవాళ్లకు స్థానం కింద 262 రూపాయల 50 పైసలు, అంటే రెండు వందలకు లాభం అరవై రెండున్నర. అదే పందెంలో మూడో స్థానంలో వచ్చిన గ్రేంజ్‌క్లేర్ వెస్ట్ ధర 33/1, దానికి 925 వచ్చాయి. గెలిచిన నిక్ రాకెట్ కూడా 33/1, గెలుపు, స్థానం కలిపి 4,325. 2021లో రేచల్ బ్లాక్‌మోర్ మినెల్లా టైమ్స్ మీద గెలిచి ఈ పందెం గెలిచిన మొదటి మహిళా జాకీ అయినప్పుడు పేపర్లన్నీ ఆమె గురించే రాశాయి, రాయాల్సిందే కూడా. కానీ ఆ రోజు రెండో స్థానంలో వచ్చిన బాల్కో దె ఫ్లో ధర 100/1. దాని మీద వంద ఈచ్ వే పెట్టినవాళ్లకు గుర్రం ఓడిపోయినా 2,600 వచ్చాయి. ఈచ్ వే ఉన్నదే ఇలాంటి గుర్రాల కోసం. ఫేవరిట్ మీద నమ్మకం ఉంటే గెలుపు మీదే పెట్టాలి, లేదంటే వదిలెయ్యాలి.

అలాగని పెద్ద ధర కనిపించిన ప్రతి గుర్రం మీదా పెట్టమని కాదు. 100/1 గుర్రాల్లో చాలావాటికి ఆ ధర ఊరికే ఇవ్వరు. దాదాపు 6.9 కిలోమీటర్లు, రెండు చుట్లు, ముప్పై కంచెలు, చివరి కంచె దాటాక కూడా 450 మీటర్లు పరుగు. అందుకే నేను ముందు చూసేది వేగం కాదు, మూడు మైళ్లకు పైబడ్డ పందేల్లో చివరిదాకా నిలబడిందా, బురద నేల మీద పరిగెత్తిందా అని. ఆ తర్వాత బరువు. హ్యాండికాప్ అంటే మంచి గుర్రానికి ఎక్కువ బరువు, బలహీనమైనదానికి తక్కువ బరువు పెట్టి అందరినీ దగ్గరికి తేవడం. 1973లో క్రిస్ప్ అనే ఆస్ట్రేలియా గుర్రం పందెం అంతా ముందుండి, చివరి కంచె కూడా చాలా ముందుగా దాటి, ఆ చివరి పరుగులో కాళ్లు తడబడి రెడ్ రమ్ చేతిలో ముప్పావు గుర్రం పొడవు తేడాతో ఓడింది. రెడ్ రమ్ కన్నా దాని మీద ఉన్న బరువు 23 పౌండ్లు ఎక్కువ, అంటే పది కిలోల పైమాటే. ఇప్పటికీ ఆ వీడియో చూస్తే నాకు క్రిస్ప్ మీదే జాలి, ఆ రోజు అదే మంచి గుర్రం.

ఆ కథ విని "తక్కువ బరువు గుర్రమే పట్టు" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. అది పాత మాట. 2013 నుంచి కంచెల లోపలి చెక్క చట్రం తీసేసి మెత్తటి ప్లాస్టిక్ పెట్టారు, 2024 నుంచి గుర్రాలను నలభై నుంచి ముప్పై నాలుగుకు తగ్గించారు. ఆ ఏడాది ఒక్క గుర్రం కూడా కంచె దగ్గర కూలలేదు. 1967లో అయితే ఒక కంచె దగ్గర గుర్రాలన్నీ గుంపుగా ఆగిపోతే వెనకాల వస్తున్న ఫోయినావన్ 100/1 ధరతో పక్కనుంచి దాటిపోయి గెలిచింది. అలాంటి అదృష్టం మీద లెక్క వేసుకునే రోజులు పోయాయి. పడేవి తగ్గితే నాలుగో స్థానానికి పోటీ పెరుగుతుంది, అక్కడ మంచి గుర్రాలే నిలుస్తాయి. 2015లో మెనీ క్లౌడ్స్ దాదాపు 74 కిలోల పెద్ద బరువు మోసి కూడా గెలిచింది.

అన్నిటికన్నా పిల్లలు మోసపోయేది "ఆరు స్థానాలు ఇస్తున్నాం" అనే పందెం కంపెనీల ప్రకటన చూసి. ఆరు స్థానాలు మంచిదే, నేను కాదనను, 20/1 దాటిన గుర్రానికి ఒక్కోసారి అదే మేలు. కానీ ఆ కంపెనీ పావు వంతు బదులు అయిదో వంతు ఇస్తోందా, ధర కూడా తగ్గించిందా అన్నది చూడాలి. ఒకచోట 33/1, నాలుగు స్థానాలు, పావు వంతు. ఇంకోచోట అదే గుర్రం 25/1, ఆరు స్థానాలు, అయిదో వంతు. మూడో స్థానంలో వస్తే మొదటి చోట 925, రెండో చోట 600. అయిదు, ఆరు స్థానాల కోసం అంత వదులుకోవాలా అన్నది గుర్రాన్ని బట్టి, ధరను బట్టి తేల్చుకోవాలి, ప్రకటనను బట్టి కాదు. నెలల ముందు పెట్టేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి, గుర్రం పందెంలో దిగకపోతే పైసలు వాపసు ఇస్తామని ముందే రాసి ఉంటే తప్ప అవి పోయినట్టే.

ఇక ఇక్కడి సంగతి. మా బజారులోనూ ఇదే పందెం మీద చాటుగా పైసలు తీసుకునే ఏజెంట్లు ఉన్నారు. నాకు తెలిసిన ఒక దుకాణంలో పనిచేసే అబ్బాయి, ఇంగ్లండ్‌లో ఉన్న అన్న చెప్పిన గుర్రం మీద ఈచ్ వే పెట్టాడు, గుర్రం నాలుగో స్థానంలో వచ్చింది, ఏజెంటేమో "మా దగ్గర మూడే" అన్నాడు. కాగితం లేదు, చీటీ లేదు, ఎవరిని అడగాలి? అది నెల జీతంలో పెద్ద ముక్క. హైదరాబాద్ మలక్‌పేట రేసుల్లో అయితే విన్ (గెలుపు) టికెట్ వేరు, ప్లేస్ (స్థానం) టికెట్ వేరు, కిటికీ దగ్గర టికెట్ చేతికిస్తారు, ప్లేస్‌కు ఎంత వస్తుందన్నది అందరూ పెట్టిన మొత్తాన్ని బట్టి తేలుతుంది. అక్కడ ధరలో పావు వంతు అనే లెక్కే లేదు. ఈ రెండు పద్ధతులను కలిపేసి ఏది తమకు లాభమో అది చెప్పడమే ఈ ఏజెంట్ల వ్యాపారం. పైగా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025లో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. ఇక్కడి అబ్బాయిలు ఫోన్‌లోనైనా, ఏజెంటు దగ్గరైనా ఈ పందెం జోలికి పోవద్దని నేను గట్టిగా చెప్తాను, పోయిన పైసలకు దిక్కు లేదు.

మీరు గుర్రప్పందేలను ప్రోత్సహించాలని నేను అడగడం లేదు. ఎలాగూ ఆ వార్త వేస్తున్నారు కదా, ఏప్రిల్‌లో పందెం మన టైమ్ ప్రకారం శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు మొదలై కాసేపట్లో అయిపోతుంది, ఆదివారం పేపర్లో ఒక్క గెలిచిన గుర్రం కాకుండా మొదటి ఆరు గుర్రాల పేర్లు, వాటి ధరలు, మోసిన బరువులు వేయండి. ఎన్ని స్థానాలకు, ఎంత వంతు ఇచ్చారో ఒక లైను రాయండి. ముందు రోజు పేపర్లో 4/1 లెక్క నాలుగు వాక్యాల్లో వేస్తే ఇంకా మంచిది, లివర్‌పూల్‌లో ఉన్న పిల్లలకు ఇక్కడి తల్లిదండ్రులు దాన్ని ఫొటో తీసి పంపుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
ధర్మాబాద్, నాందేడ్ జిల్లా