కొబ్బరి రైతుల సంఘం 2025 వార్షిక నివేదిక: ధర ఉంది, కాయ ఏదీ?

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి జమాఖర్చుల కంటే ముందు కాయల లెక్క చెప్తాం. 2023లో వెయ్యి కాయ 7, 8 వేలకి ఇస్తామన్నా అడిగేవాళ్లు లేక రాశులు పెట్టుకుని కూర్చున్నాం, 2025లో అదే వెయ్యి కాయ 20 వేలు దాటింది. అందరికీ సంతోషమే, అప్పులు తీర్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఈ ధర వచ్చింది మన పంట బాగుండి కాదు, ఎక్కడా కాయ దొరక్క. మన దింపుల్లో, అంటే చెట్ల నుంచి దించే విడతల్లో, కాయ కూడా తగ్గింది. అందుకే సర్వసభ్య సమావేశంలో ఎక్కువసేపు దీని మీదే మాట్లాడుకున్నాం, రాలేకపోయినవాళ్ల కోసం అంతా ఇక్కడ రాస్తున్నాం.

దేశం లెక్క చూద్దాం. 1950ల మొదట్లో దేశం మొత్తం మీద కొబ్బరి 6 లక్షల హెక్టార్ల చిల్లర, ఇప్పుడు 20 లక్షలు దాటింది. కాయలు అప్పట్లో ఏడాదికి సుమారు 350 కోట్లు, 2000 నాటికి 1,200 కోట్లు దాటాయి, ఈ మధ్య ఏళ్లలో 2,000 కోట్లకి అటూ ఇటూ ఉంటున్నాయి. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కానీ జనాభాతో భాగించి చూడండి. 1951లో 36 కోట్ల మందికి మనిషికి తొమ్మిదో పదో కాయలు, 2001లో పన్నెండు, ఇప్పుడు పద్నాలుగు దరిదాపు. డెబ్బై ఏళ్లలో పంట ఆరు రెట్లు అయినా మనిషి వాటాకి కలిసింది నాలుగైదు కాయలే, మిగతాదంతా పెరిగిన జనానికి సరిపెట్టడానికే పోయింది.

పోనీ ఆ పద్నాలుగూ తినే కాయలా అంటే అదీ కాదు. విత్తనానికి కొన్ని, ఎగుమతికి కొన్ని, ఎండబెట్టి గానుగకి పంపేవి చాలా. ఆ నూనె కేరళలో వంటకి వాడితే ఉత్తరాదిలో ఎక్కువగా తలకి రాస్తారు. ఇక బొండాలు. ఆరేడు నెలల గెలని బొండాలకి కోసేస్తే ఇంకో నాలుగైదు నెలల తర్వాత రావాల్సిన ముదురు కాయ మార్కెట్టుకి రాదు. కర్ణాటకలో మద్దూరు, తమిళనాడులో పొల్లాచ్చి నుంచి లారీలకి లారీలు బొండాలు నగరాలకి పోతున్నాయి. రైతుకి చేతిలో వెంటనే డబ్బు పడుతుంది, తప్పు పట్టలేం. కానీ పచ్చడికి, కూరకి, దేవుడికి కావాల్సిన కాయ తగ్గడానికి అదొక పెద్ద కారణం, దాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోవడం లేదు.

ఇంకో సంగతి, కొబ్బరి పేరు చెప్తే గుర్తొచ్చే కేరళలోనే తోటలు తగ్గిపోతున్నాయి. 2000 ప్రాంతంలో 9 లక్షల హెక్టార్లు పైన ఉండేవి, ఇప్పుడు 8 లక్షల లోపే, ఈ మధ్య మొత్తం కాయల లెక్కలో కర్ణాటక ముందుకొచ్చింది. కేరళలో 1880ల నుంచి ఉన్న రూట్ విల్ట్ (వేరు వాడు) తెగులు పొల్లాచ్చి వైపు కూడా పాకి, చెట్లు నరికేసుకునే దాకా వచ్చింది. దీనికి తోడు 2023, 2024 ఎండలు. గెల విచ్చాక కాయ ముదరడానికి దాదాపు ఏడాది పడుతుంది కాబట్టి ఆ ఎండలకి రాలిపోయిన పిందెల లోటు 2024 చివరి నుంచి బయటపడింది. అదే సమయంలో ప్రయాగ్‌రాజ్ కుంభమేళా రావడంతో ఉత్తరాది వ్యాపారులు ఎంత కాయైనా పంపమన్నారు. బయటి దేశాల్లోనూ కొరతే, శ్రీలంక అయితే 2025 మొదట్లో కొబ్బరి దిగుమతి చేసుకునే ఆలోచనలో పడింది. ఇవన్నీ ఒకేసారి కలిసొచ్చి మన ధర అంత పైకి పోయింది, వీటిలో ఏది తగ్గినా ధర దిగుతుంది, ఆ సంగతి మనసులో పెట్టుకుని ఖర్చులు పెట్టుకోండి.

ఇప్పుడు మన కోనసీమ సంగతి. దిగుబడిలో మన రాష్ట్రం ఎకరాకి దేశంలో ముందుంటుందని ఎప్పుడూ చెప్పుకుంటాం, నిజమే. అయితే 1996 నవంబరు 6 తుపాను ఎన్ని చెట్లు కూల్చిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అప్పుడు నిలబడ్డ చెట్లు ఇప్పుడు ముసలివి, ఆ తర్వాత నాటినవి నల్లి పురుగు దెబ్బ తిన్నాయి, 2016 చివర నుంచి తెల్లదోమ పట్టుకుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ వెంట ఉప్పునీరు ఎక్కి తోటలకి తోటలు మోడువారాయి. 2018 తిత్లీ తుపానుకి శ్రీకాకుళం వైపు ఉద్దానంలో పడిపోయిన చెట్ల చోట నాటినవి ఇప్పుడిప్పుడే చేతికొస్తున్నాయి. పొడుగు రకం కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, ఒక తుపాను పోగొట్టిన కాయని దేశం తిరిగి చూసేసరికి అంత కాలం గడిచిపోతుంది.

సంఘం ఏం చేసిందంటే, ముందుగా దింపు పుస్తకాలు. ప్రతి దింపుకీ చెట్లెన్ని, కాయలెన్ని, ముక్కుడు (పాత కాయ) ఎంత, పచ్చి (కొత్త) కాయ ఎంత అని రాయమని సభ్యులకి పుస్తకాలిచ్చాం. అందరూ రాయలేదు, రాసినవాళ్లవి చూస్తే ముసలి చెట్లున్న తోటల్లో కాయ తగ్గుదల స్పష్టంగా తెలుస్తోంది, లేత తోటల్లో అంతగా లేదు. తోట మార్చాలన్న మాటకి ఇంతకంటే బలమైన రుజువు మాకు అక్కర్లేదు.

తెల్లదోమకి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వారి సలహా మీద దోమని చంపే ఐసారియా శిలీంధ్రం తెచ్చి మట్టల అడుగున పిచికారీ చేయించాం. రసాయన మందులు కొట్టొద్దని మళ్లీ చెప్తున్నాం, ఆ మందుకి దోమ కంటే ముందు దోమని తినే ఎన్‌కార్సియా అనే మేలు చేసే పురుగు చచ్చిపోతుంది. పక్కతోట వాళ్లు కూడా చేస్తేనే ఫలితం, కాబట్టి గట్టు అవతల వాళ్లతో మీరే మాట్లాడాలి.

దింపు కార్మికులు దొరకడం పెద్ద టెన్షన్ అయిపోయింది. పిల్లలు ఎక్కడం లేదు, పెద్దవాళ్లకి ఒంట్లో ఓపిక లేదు. యంత్రంతో చెట్టెక్కడం నేర్పించాం, నేర్చుకున్నవాళ్లని కొబ్బరి అభివృద్ధి బోర్డు వారి కేర సురక్ష బీమాలో చేర్పించే పని మొదలుపెట్టాం. చెట్టు మీద నుంచి పడితే ఆ ఇల్లు ఏమైపోతుందో చూసినవాళ్లం, బీమా లేకుండా ఎవరినీ ఎక్కించొద్దు.

డ్రెయిన్ పూడిక తీయమని అర్జీ ఇచ్చాం, సంబంధిత కార్యాలయం నుంచి ఇంకా కదలిక లేదు, మళ్లీ వెళ్తున్నాం. సెప్టెంబరు 2 కొబ్బరి దినోత్సవం జరిపాం.

మద్దతు ధర గురించి చాలామంది అడిగారు. 2025కి మర కొబ్బరి (నూనె ఆడించే ఎండు కొబ్బరి) క్వింటాకి 11,582 రూపాయలు, కురిడీకి (గుండుగా ఎండిన కొబ్బరి) 12,100 ప్రకటించారు. ఈ ఏడాది బజారు ధర అంతకంటే బాగా పైన ఉంది కాబట్టి అవసరం రాలేదు. రేపు ధర పడితే మాత్రం, పచ్చి కాయ అమ్ముకునే మనలాంటివాళ్లకి ఆ ధర నేరుగా అందదు, ఎండబెట్టిన కొబ్బరికే అది. అందుకే అందరికీ పనికొచ్చే డ్రయ్యర్ ఒకటి పెట్టాలని తీర్మానించాం.

సమావేశంలో వేడిగా సాగింది చెరువుల మాట. తోట తీసేసి రొయ్యల చెరువు తవ్వుకుంటామని కొందరన్నారు. వాళ్ల ఇబ్బంది మాకు తెలుసు, అయినా సంఘం దీన్ని ఒప్పుకోదు. ఒక చెరువు ఉప్పు చుట్టూ ఉన్న పది తోటల వేళ్లకి తగులుతుంది. ఈ ఏడాది డబ్బు చేతిలో ఉంది, దానిలో కొంత మొక్కకి పెట్టండి, కాపు తగ్గిన చెట్ల మధ్యే కొత్తవి నాటి, అవి కాపుకొచ్చాకే పాతవి తీయండి, మధ్యలో కోకో, అరటి, కంద ఉండనే ఉన్నాయి.

గోదావరి గంగ అనే సంకర రకం, పొడుగు రకం మొక్కలు రెండూ తెప్పిస్తున్నాం. కావాల్సినవాళ్లు ఉగాది లోపు కోశాధికారి గారి దగ్గర పేరు, మొక్కల సంఖ్య రాయించండి, తొలకరికి ముందే గుంతలు తీసి ఉంచండి. జమాఖర్చుల పుస్తకం సంఘం కార్యాలయంలో ఉంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. చందా బాకీ ఉన్నవాళ్లు మొక్కల పేరు రాయించేటప్పుడే కట్టేస్తే మళ్లీ తిరిగే పని ఉండదు.