ఈ నెల పుస్తకం రాలేదు, కారణం ఇదీ

నెలనెలా నూట యాభై రూపాయలు కట్టి మన పిల్లల బొమ్మల కథల పుస్తకాన్ని నిలబెడుతున్న పాఠకులకు నమస్కారం. వాట్సాప్‌లో అడిగినవాళ్లకు 'త్వరలో' అని పొడిపొడిగా చెప్పి తప్పించుకున్నాను. అసలు సంగతి ఇదీ.

మీ దగ్గర డబ్బు వసూలు చేసి మాకు జమ చేసే పేమెంట్ కంపెనీ మా ఖాతా నిలిపేసింది. చాలామంది నుంచి నెలనెలా చిన్న మొత్తాలు వస్తున్నాయి కాబట్టి విరాళాల సేకరణలా ఉందట! పుస్తకం ఇస్తున్నాం, బిల్లు ఇస్తున్నాం, ఇంకేం కావాలి? 1976లో గుజరాత్ పాల రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు వేసుకుని 'మంథన్' సినిమా తీయించారు. తెర మీద 'గుజరాత్ రైతులు 5 లక్షల మంది సమర్పిస్తున్నారు' అనే వేశారు, దాతలని కాదు. ఈ మాట కంపెనీ వాళ్లకు మెయిల్‌లో రాశాను కూడా. జవాబుగా ఫిర్యాదు టికెట్ నంబరు వచ్చింది. పంపిన కాగితాలే మళ్లీ పంపించుకుని చివరికి డబ్బు వదిలారు గానీ, అప్పటికే ప్రెస్‌లో మా వంతు దాటిపోయింది. బొమ్మలు వేసే అమ్మాయికి, డీటీపీ ఆయనకు ఇంట్లో డబ్బు తెచ్చి ఇచ్చేశాను. అందులో ఎవరికీ బాకీ లేం.

ఆ టెన్షన్‌లో ఉండగానే ఒక బిల్డరు గారు కబురు పెట్టారు. ఏడాది ఖర్చంతా ఆయనదే. వెనక అట్ట మీద ప్రకటన వేయాలి, అది సరే. కానీ కథలో పిల్లలు ఆయన కట్టిన అపార్ట్‌మెంట్లలోనే ఉండాలట, చెరువు గట్టున ఆడుకునే బదులు క్లబ్‌హౌస్‌లో ఆడుకోవాలట. మా బావమరిది అయితే 'రాజుకు అంకితం ఇవ్వననడానికి నువ్వేమన్నా పోతనవా?' అని ఎగతాళి చేశాడు. పోతనను కాను. ప్రెస్ బిల్లు చూసినప్పుడల్లా ఆ సంగతి ఇంకా బాగా తెలిసొచ్చింది. రాత్రిళ్లు నిద్రపట్టక సరేననేద్దామని ఫోన్ తీసి మళ్లీ పక్కన పెట్టిన సందర్భాలున్నాయి. చివరికి వద్దన్నాను. చెరువు గట్టు లేకపోతే ఆ కథే లేదు. ఇది మొండితనమే అనుకోండి, పర్లేదు.

కాబట్టి నెల చందా ఆపేస్తున్నాం. ఇకపై మూడు నెలలకో పెద్ద పుస్తకం, ముందస్తు ఆర్డర్ల మీద. వెల 350 రూపాయలు. 600 ఆర్డర్లు వస్తే అచ్చు వేస్తాం, లేకపోతే ఎవరి డబ్బు వాళ్లకు వెనక్కి పంపేస్తాం. అప్పటిదాకా ఆ డబ్బు విడిగా ఒక ఖాతాలో ఉంటుంది, అందులోంచి రూపాయి కూడా తీయను. లక్ష్యం చేరితేనే డబ్బు దక్కే ఇలాంటి పద్ధతితోనే 2009లో అమెరికాలో కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైటు మొదలైంది. మన దేశం నుంచి అందులో ప్రాజెక్టు పెట్టే వీలు లేదు, అయినా పద్ధతి ఎవరి సొత్తూ కాదు కదా.

ఇందులో ఒక చిక్కుంది, దాచను. నెల చందా ఉంటే బొమ్మల అమ్మాయికి నెల తిరిగేసరికి డబ్బు అందేది. ఇప్పుడు ఆ భరోసా పోతుంది. అందుకే ఆర్డర్లు నిండగానే సగం ముందుగా, ఆ పైన ప్రతి కాపీకీ ఇంత అని వాటా ఇస్తానని ఒప్పుకున్నాను. తను సరేనంది, కొంచెం ఆలోచించే.

ఇప్పటికే కట్టిన చందా మొదటి పుస్తకం వెలలో తగ్గుతుంది. వెనక్కి కావాలంటే ఒక్క మెసేజ్ పెట్టండి. ఎందుకని అడగను. కాస్త నొచ్చుకుంటాను, అంతే.