అమర్‌నాథ్ యాత్రలో వేళ్లకంటే ముందు మనిషిని చూడండి

సంపాదకులకు నమస్కారం.

అమర్‌నాథ్ వెళ్లేవారికి జాగ్రత్తలు చెబుతూ గత ఆదివారం మీరు వేసిన వ్యాసంలో హైపోథెర్మియా, ఫ్రాస్ట్‌బైట్ రెండూ ఒకటే అన్నట్టు రాశారు. వేళ్లు మొద్దుబారితే గట్టిగా రుద్దుకోమనీ, చలి ఎక్కువైతే కాస్త బ్రాందీ పుచ్చుకోమనీ సలహా ఇచ్చారు. నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా లద్దాఖ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ సలహా ఎవరైనా పాటిస్తారేమోనన్న భయంతో రాస్తున్నాను.

ఫ్రాస్ట్‌బైట్ అంటే ఒంట్లో ఒక భాగం గడ్డకట్టడం. వేళ్లు, ముక్కు, చెవులు దానికి ముందు చిక్కుతాయి. చలి సున్నా డిగ్రీల కిందికి దిగితేనే వస్తుంది. సియాచిన్ పోస్టు నుంచి దింపుకొచ్చిన ఒక కుర్రాడి సాక్సు కత్తిరించి తీస్తే బొటనవేలు కొవ్వొత్తి మైనంలా పాలిపోయి బిగుసుకుని ఉంది. గిచ్చినా తెలియడం లేదు. అలాంటి వేలిని రుద్దితే లోపలున్న మంచు పలుకులు కండను ఇంకా పాడుచేస్తాయి. మంట దగ్గర పెడితే కాలినా తెలీదు. 37 నుంచి 39 డిగ్రీల నీళ్లలో ఉంచాలి, అదీ మళ్లీ గడ్డకట్టదన్న నమ్మకం ఉన్న చోటే.

హైపోథెర్మియా ఒంటినంతా పట్టేది. లోపలి వేడి 35 డిగ్రీల కిందికి జారితే అది మొదలైనట్టే. దానికి మంచు అక్కర్లేదు. తడిసిన బట్టలు, ఈదురుగాలి, ఖాళీ కడుపు ఉంటే బయట 10 డిగ్రీలున్నా వస్తుంది. ముందు వణుకు. తర్వాత మాట ముద్దగా వస్తుంది, నడక తడబడుతుంది, జాకెట్టు జిప్పు లాక్కోవడం కూడా చేతకాదు. 32 కిందికి దిగేసరికి వణుకు ఆగిపోతుంది. పక్కవాళ్లు తేరుకున్నాడనుకునేది అప్పుడే. కొందరు ఉక్కపోస్తోందంటూ స్వెటర్ విప్పేస్తారు. అలాంటివాళ్లను ఒంటరిగా వదలకూడదు.

1996 ఆగస్టులో అమర్‌నాథ్ దారిలో అకాలంగా వాన, మంచు కురిసి 240 మందికి పైగా చనిపోయారు. 2013 జూన్‌లో కేదార్‌నాథ్ వరద నుంచి కొండల పైకి పారిపోయి బతికినవాళ్లలో కొందరిని ఆ తర్వాత చలి బలితీసుకుంది. అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉంది. మనవాళ్లలో పెద్దవాళ్లు నూలు బట్టల మీద శాలువా కప్పుకుని, కొందరు ఉపవాసంతో, ఆ దారి ఎక్కుతారు. నూలు తడిస్తే ఒంటి వేడిని లాగేస్తుంది. లోపల ఉన్ని, పైన వాన కోటు, పాలిథీన్ సంచిలో ఒక పొడి జత తప్పనిసరి.

ఎవరైనా పడిపోతే గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు తీసేసి, కింద ఏదైనా పరిచి, తలతో సహా దుప్పట్లు కప్పండి. స్పృహ బాగా ఉంటేనే వేడి వేడి తీపి టీ ఇవ్వండి. బ్రాందీ వద్దు. అది చర్మానికి రక్తం పారించి లోపలి వేడిని బయటికి పంపేస్తుంది. బలవంతంగా నడిపించకండి, కుదుపు లేకుండా మోయండి. చల్లబడిన గుండె కుదుపుకే ఆగిపోవచ్చు. వేళ్లు కూడా గడ్డకట్టి ఉంటే వాటి సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి.

మా ఊరి నుంచి ఈ నెలాఖరుకి యాత్ర బస్సు బయల్దేరుతోంది, అందులో అరవై దాటినవారే ఎక్కువ. ఆ వ్యాసం కత్తిరించి దాచుకున్నవాళ్లను నేను చూశాను. దయచేసి వచ్చే ఆదివారమే, అదే పేజీలో, సవరణ వేయండి.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడు,
తాడేపల్లిగూడెం