రెంటచింతల లెక్కలు మాకు తెలుగులో ఇవ్వండి: కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను పల్నాడు జిల్లాలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచర్ని. భూమి వేడెక్కుతోందా లేదా అన్న వాదన టీవీ చర్చల్లోనే జరుగుతుందని ఢిల్లీలో అనుకుంటారేమో. మా దగ్గర అది టీ కొట్టు దగ్గర, స్టాఫ్ రూంలో, పెళ్లి భోజనాల బంతిలో కూడా నడుస్తోంది. వేడెక్కడం లేదనేవాళ్లే చాలాసార్లు గెలుస్తున్నారు. వాళ్ల దగ్గర సామెత ఉంది, మా దగ్గర ఉష్ణోగ్రతల లెక్క లేదు. ఆ లెక్క మీ శాఖ చేతిలో ఉంది. అది అడగడానికే ఈ ఉత్తరం.

ఆ సామెత మీ దాకా వచ్చిందో లేదో. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మా పెద్దలు. మే ఆఖరు వారంలో మొదలై జూన్ మొదటి వారం దాటేదాకా ఉండే కార్తె అది. "మా తాతల నాడే రోళ్లు పగిలాయి మాస్టారూ, మరప్పుడు ఇన్ని కార్లున్నాయా, ఏసీలున్నాయా?" అని అడుగుతారు. తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదిది. పల్నాడు ఎప్పుడూ మండేదే. కింద నాపరాయి, పైన చెట్లు అంతంత మాత్రం. వాతావరణ కేంద్రం ఉన్న మా జిల్లా రెంటచింతల పేరు ఎండాకాలం పేపర్లో కనిపించడం మాకు కొత్త కాదు. ఇలాంటి చోట "ఈసారి ఎండలు ఎక్కువండీ" అంటే, ఏటా అనే మాటేగా అని నవ్వుతారు. 45 డిగ్రీల ఎండలో నిలబడ్డ మనిషికి అందులో ఒక డిగ్రీ తేడా ఒంటికి తెలియదు కూడా.

2014లో టీచర్స్ డే నాడు పిల్లలతో మాట్లాడుతూ ప్రధానమంత్రి గారు ఇంచుమించు ఇదే అన్నారు. పెద్దవాళ్లకు ఈసారి చలి ఎక్కువైందనిపిస్తుంది, నిజానికి తగ్గింది వాళ్లు తట్టుకునే శక్తి. మారింది వాతావరణమా, మనమా అని. అదే ప్రధానమంత్రి 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో, 2070 నాటికి నెట్ జీరో, అంటే గాలిలోకి వదిలే కార్బన్‌కు సమానంగా వెనక్కి తీసుకునే స్థితి, సాధిస్తామని దేశం తరఫున మాటిచ్చారు. మొదటి మాట మా వాట్సాప్ గ్రూపుల్లో ఏటా వేసవికి మళ్లీ లేస్తుంది. రెండో మాట ఎవరూ ఫార్వర్డ్ చేయరు. అంటే ప్రభుత్వం ఎప్పుడో ఒక నిర్ణయానికి వచ్చేసింది. ఎందుకు వచ్చిందో మాత్రం మాకు ఎవరూ చెప్పలేదు.

ఒంటిని నమ్మలేనప్పుడు పెట్టెను నమ్మాలి. వాతావరణ కేంద్రాల ఆవరణలో కనిపించే ఆ చెక్కపెట్టె మీకు నేను చెప్పక్కర్లేదు, ఈ లేఖ చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. తెల్లరంగు వేస్తారు. నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున కాళ్ల మీద నిలబెడతారు. గాలి ఆడాలి, ఎండ మాత్రం నేరుగా పడకూడదు కాబట్టి గోడలకు బదులు వాలు పలకలుంటాయి. లోపల గరిష్ఠం చూపే థర్మామీటర్లో పాదరసం ఎక్కినచోటే ఆగిపోతుంది, చూసి రాసుకున్నాక విదిలించి కిందికి దించాలి. కనిష్ఠం చూపేదాంట్లో స్పిరిట్ లోపల చిన్న పుల్లలాంటిది ఉంటుంది, రాత్రి ఎంత దిగిందో అక్కడ ఆగుతుంది. ఉదయం ఎనిమిదిన్నరకు ఒకసారి, సాయంత్రం ఐదున్నరకు ఒకసారి మనిషి వెళ్లి చూసి రిజిస్టర్‌లో ఎక్కించాలి. 1875లో పుట్టిన మన వాతావరణ శాఖ పెట్టుబడి అంతా ఆ రిజిస్టర్లే. వాటికి రాజకీయం లేదు. ఇంగ్లీషువాడు ఉన్నప్పుడూ అదే పని, వెళ్లాకా అదే పని.

ఆ రిజిస్టర్ల సారం 2020లో మీ శాఖే ఒక నివేదికగా తెచ్చింది. 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని, ఉత్తర హిందూ మహాసముద్రంలో నీటిమట్టం 1993 తర్వాత ఏటా 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోందని అందులో ఉంది. మంచి పుస్తకం. రెండొందల పైచిలుకు పేజీలు, అంతా ఇంగ్లీషు. మా ఊళ్లో దాని పేరు విన్నవాళ్లు లేరు. కనీసం సారాంశమైనా తెలుగులో ఉంటే, వాదనకు దిగేవాడి చేతిలో మీ ముద్ర ఉన్న కాగితం ఒకటి ఉండేది.

ఆ నివేదికలో సందేహించేవాళ్లకు పనికొచ్చే సంగతి కూడా ఉంది, దాచకండి. ప్రపంచ సగటుతో పోలిస్తే మన దేశంలో పెరుగుదల తక్కువ. గాలిలోని పొగ, ధూళి కణాలు ఎండను కొంత అడ్డుకోవడం వల్ల, నేల వాడకంలో వచ్చిన మార్పుల వల్ల పెరగాల్సింది కొంత తగ్గిందని శాస్త్రవేత్తలే రాశారు. ఇది దాచి "అంతా మాడిపోతోంది" అని ఊదరగొడితే, ఎవడో ఒకడు ఆ పేజీ పట్టుకొచ్చి మా నోరు మూయిస్తాడు. ముందే చెప్పేస్తే వాడికి పని ఉండదు. పైగా ఇందులో ఊరట కంటే టెన్షనే ఎక్కువ. రేపు గాలి శుభ్రపడితే ఆ అడ్డు కూడా తొలగుతుంది.

అసలు చిక్కు "సాధారణం" దగ్గర ఉంది. టీవీలో "సాధారణం కంటే రెండు డిగ్రీలు ఎక్కువ" అంటారు. ఆ సాధారణం ముప్పై ఏళ్ల సగటు. 2024 అయిపోయాక, 1901 నుంచి చూస్తే దేశంలో అన్నిటికన్నా వేడి సంవత్సరం అదేనని, సాధారణం కంటే 0.65 డిగ్రీలు ఎక్కువని మీ వాతావరణ శాఖ ప్రకటించింది. ఆ పోలిక 1991-2020 సగటుతో. అంటే అప్పటికే వేడెక్కిన ముప్పై ఏళ్లతో. ప్రపంచ వాతావరణ సంస్థ అదే ఏడాదిని పందొమ్మిదో శతాబ్దపు ద్వితీయార్ధంతో పోల్చి, ప్రపంచం మొత్తానికి 1.55 డిగ్రీలు ఎక్కువ అంది. దేశం వేరు, ప్రపంచం వేరు, పోల్చిన కాలమూ వేరు. వినేవాడికి మాత్రం ఒకరు సగం చెప్పారని, ఇంకొకరు రెట్టింపు చేశారని అనిపిస్తుంది. పిల్లాడి ఎత్తు గోడ మీద గీసి, ఏటా ఆ గీతను కూడా కాస్త పైకి జరుపుతూ పోతే వాడు పెరగలేదనే అనుకుంటాం. మీవాళ్లు మోసం చేస్తున్నారనడం లేదు. సాగుకు, కరెంటు లెక్కలకు ఈ మధ్య కాలపు సగటే కావాలి. కానీ దాని పక్కనే 1961-90 సగటు కూడా వేస్తే మీకు పోయేదేముంది? బులెటిన్లో ఒక్క గడి పెరుగుతుంది, అంతే.

ఇంకో గడి కనిష్ఠానికి. మా పేపర్లు గరిష్ఠాన్ని పెద్దక్షరాల్లో వేస్తాయి, రాత్రి సంగతి ఎవరికీ పట్టదు. రేకుల ఇంట్లో పడుకునే కూలీని అడగండి. పగలు 44 డిగ్రీల్లో మిరప కల్లంలో పనిచేసినవాడు రాత్రి చల్లబడితే తేరుకుంటాడు. తెల్లవారుజామున కూడా గోడ సెగ కొడుతుంటే మర్నాటి ఎండకు ఒంట్లో ఓపిక మిగలదు. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడదెబ్బకు పదిహేను వందల మందికి పైగా పోయారు. రాత్రి వేడి మీద నాకు తెలిసి సామెత కూడా లేదు.

తప్పులు జరిగినప్పుడు ఏం చేయాలన్నది ఇంకో సంగతి. 2024 మే 29న ఢిల్లీ ముంగేష్‌పూర్‌లో ఆటోమేటిక్ యంత్రం 52.9 డిగ్రీలు చూపించింది. దేశమంతా గగ్గోలు. తర్వాత పరీక్షించి చూస్తే ఆ సెన్సార్ మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని మీవాళ్లే చెప్పారు. మొదటి వార్త మా ఊరికి నిమిషాల్లో వచ్చింది, రెండోది దాదాపు రానే లేదు. అది చేరిన ఒకరిద్దరికీ "చూశారా, మీటర్లే దొంగవి" అనడానికి పనికొచ్చింది. హిమాలయాల విషయంలోనూ ఇంతే. అక్కడి మంచు 2035 కల్లా కరిగిపోవచ్చని 2007లో ఐపీసీసీ, అంటే వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం, రాసింది. అప్పట్లో మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభలో ఉన్న పర్యావరణ మంత్రి జైరాం రమేష్ 2009లో దానికి భిన్నమైన పత్రం విడుదల చేస్తే, ఐపీసీసీ అధ్యక్షుడు పచౌరీ మండిపడ్డారు. మూడు నెలలు తిరక్కుండానే ఆ 2035 తప్పని ఐపీసీసీ ఒప్పుకోవాల్సి వచ్చింది. మంచు కరుగుతున్న మాట నిజం, చెప్పిన గడువు తప్పు. కోపంతో కొట్టిపారేసిన ప్రశ్నకు అంత బలం వస్తుంది.

అడిగేవాణ్ణి శత్రువుగా చూడనక్కర్లేదు. పాత లెక్కల మీద గట్టిగా అనుమానపడ్డ అమెరికా ఫిజిక్స్ ప్రొఫెసర్ రిచర్డ్ ముల్లర్, వేల స్టేషన్ల రికార్డులు తానే మళ్లీ కూడి చూసుకున్నాడు. ఆ పనికి డబ్బిచ్చినవాళ్లలో చమురు వ్యాపారి చార్లెస్ కోచ్ ఫౌండేషన్ కూడా ఉంది. నగరాల వేడి వల్ల లెక్క తప్పిందేమోనన్న అనుమానాన్నీ పరీక్షించి, భూమి వేడెక్కుతున్నది నిజమేనని, దాదాపు అంతా మనుషుల వల్లేనని 2012లో రాశాడు. ఆయనకు లెక్కలు దొరికాయి కాబట్టి తేల్చుకున్నాడు. మా దగ్గర అనుమానపడేవాడికి స్టేషన్ వారీ పాత లెక్కలు కావాలంటే పూణే కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోవాలి. మిరప రైతు ఎవడు పెడతాడండీ?

ఇదంతా పాశ్చాత్యులు మనల్ని ఎదగనీయకుండా ఆడే నాటకం అనేవాళ్లకు మాత్రం నా దగ్గర పెద్ద ఓపిక లేదు. సగటు అమెరికావాడు వదిలే కార్బన్ డయాక్సైడ్ మనవాడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ, ఆ గొడవ పడాల్సిందే. కానీ అది బాకీ ఎవరిదన్న గొడవ. ఆ అమెరికా అధ్యక్షుడే 2025 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో నిలబడి ఇదంతా పెద్ద మోసమన్నాడు. ఇక ఎవరి నాటకమో మీరే చెప్పండి.

అయ్యా, దేశమంతా ఒక్కసారి చేయమనడం లేదు. రెంటచింతలతో మొదలుపెట్టండి. ఆ కేంద్రం మొదలైన నాటి నుంచి ప్రతి ఏడాది మే నెల సగటు గరిష్ఠం, సగటు కనిష్ఠం, పరికరం మారిన చోటల్లా పక్కన ఒక గుర్తు, అంతా తెలుగులో ఒక కాగితం మీద. జూన్‌లో బడులు తెరిచేలోగా అది వస్తే తొమ్మిదో తరగతి పిల్లల చేత గ్రాఫ్ పేపర్ మీద గీయిస్తాను. ఒక్క కేంద్రం దేశం కాదని వాళ్లకు ముందే చెబుతాను. గీత పైకి పోయిందో, అడ్డంగానే ఉందో వాళ్లే చూసుకుంటారు. ఎలా వచ్చినా సరే, గ్రామ సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించి, టీ కొట్టు దగ్గర వాదించేవాళ్లందర్నీ వచ్చి చూడమని పిలుస్తాం.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి ఒక ప్రభుత్వ పాఠశాల సైన్స్ టీచరు