ఆటోనగర్ లైన్లో నా ముందున్న అన్నయ్యకు

అన్నయ్యా, వందనాలు. ఆ రోజు మీ పేరు అడగలేదు, నాదే పొరపాటు.

2021 మే, కరోనా రోజులు, విజయవాడ ఆటోనగర్. ఆక్సిజన్ సిలిండర్లు నింపే చోట పెద్ద లైను. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. ఇంట్లో అమ్మకి ఆక్సిజన్ 86కి పడిపోయింది. నా అవస్థ చూసి మీరు వెనక్కి తిరిగారు. "మీరు ముందుకెళ్లండమ్మా, మా నాన్న దగ్గర ఇంకో సగం ఉంది" అన్నారు.

అంతటితో ఆగారా! పెద్ద సిలిండర్లో దాదాపు 7,000 లీటర్లు, నిమిషానికి 5 చొప్పున పెడితే 23 గంటలు వస్తుందని కరెంటు బిల్లు వెనక లెక్క రాసిచ్చారు. అడుగున చిన్నగా "కీర్తన 121" అని కూడా.

నిజం చెప్పాలంటే, అప్పటికి నాకు ప్రార్థన నోట రావడం లేదు. "అంతా మంచికే" అన్నవాళ్లని చూస్తే ఒళ్లు మండేది. మీరు ఆ మాట అనలేదు.

ఆ రాత్రి సిలిండర్‌కి తగిలించిన నీళ్ల సీసాలో లేచే బుడగలు చూస్తూ బైబిల్లో ఆ కీర్తన తీశాను. 8 వచనాలే. సండే స్కూల్లో చాక్లెట్ కోసం బట్టీ పట్టిందే! కాపాడేవాడు కునకడనే చోట గొంతు పట్టేసింది. నేను మాత్రం తెల్లారగట్ల కాసేపు నిద్రపోయాను, నాలుగు రోజుల తర్వాత.

అమ్మ బాగుంది. కూరలో ఉప్పెక్కువైందని తిడుతోంది. కుటుంబ ప్రార్థనలో "ఆటోనగర్ అబ్బాయి, వాళ్ల నాన్న" అని ఇప్పటికీ మీ ఇద్దర్నీ తలుచుకుంటుంది. నాన్నగారు ఎలా ఉన్నారన్నయ్యా?