మొదటి ఫైలు నా చేతికిచ్చిన సార్‌కు

పేరు రాయవద్దని మీరు ముందే చెప్పారు కాబట్టి రాయడం లేదు.

నాకు చూపు లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వోద్యోగాల్లో ఇచ్చే 4 శాతం రిజర్వేషన్లో అంధత్వం, అల్పదృష్టి ఉన్నవారి వాటా 1 శాతం. ఆ వాటాలో వచ్చిన ఉద్యోగం నాది. కుర్చీ ఇచ్చారు గానీ పని ఇవ్వలేదు. "మీరు ఊరికే కూర్చోండి చాలు" అనేవారు. ప్రేమతోనే అన్నారు, అయినా ఆ మాట నన్ను కుంగదీసింది.

మీరొక్కరే ఫైలు ఇచ్చారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ నా కంప్యూటర్లో వేయించారు. అది ఉచితంగానే దొరుకుతుంది, అడిగేవారే ఉండరు. అయినా సగం ఉత్తర్వులు నాకు అందేవి కావు. కొన్ని స్కాన్ చేసిన బొమ్మలు. మరికొన్ని, కంప్యూటర్లన్నీ ఒకేలా గుర్తుపట్టే యూనికోడ్ అక్షరాల్లో కాక, పాత ఫాంట్లలో కొట్టినవి. కంటికి చక్కని తెలుగులా కనిపించేవే నా చెవిలో పొంతన లేని గుర్తులుగా మోగేవి. ఆ సంగతి చెబితే మీరు నా హెడ్‌ఫోన్ పెట్టుకుని పావుగంట విన్నారు. మర్నాటి నుంచి మన సెక్షన్‌లో ప్రతి నోటూ యూనికోడ్‌లోనే వచ్చింది.

నా మొదటి నోటును మూడుసార్లు తిప్పి పంపారు, అందరికీ పంపినట్టే. ఆ సాయంత్రం అమ్మకు ఫోను చేసి ఎంత సంతోషంగా చెప్పానో!

మీరు బదిలీ అయి వెళ్లిన రోజు గొంతు పెగలక అనలేకపోయాను. కృతజ్ఞతలు సార్.